ఆ మాత్ర వారానికోసారా, రోజూనా?

పరకాల దగ్గరి ఊరి నుంచి ఒకరు రాశారు. వాళ్లమ్మకు ఆరేళ్లుగా కీళ్లవాతం, హనుమకొండలో ఒక స్పెషలిస్టుకు చూపిస్తున్నారు. ఆయన కొత్తగా మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు. కొన్నాళ్లకే నోట్లో పుండ్లు, వాంతులు. మందు మార్చమని అడిగితే "డాక్టరు నువ్వా నేనా" అని అందరి ముందూ కసురుకున్నారట. ఆ తర్వాత రక్తకణాలు పడిపోయి వరంగల్ ఎంజీఎం ప్రభుత్వాసుపత్రిలో చేర్చారు, ఎలాగో కోలుకున్నారు. "మా మాట వినని డాక్టర్ మీద కేసు వేయొచ్చా సార్?" అనేది ప్రశ్న.

నాలుగు పేజీలు రాశారు, అందులో మూడున్నర పేజీలు ఆ కసురుకోవడం గురించే. అది పక్కన పెట్టండి. డాక్టర్‌కు ఓపిక లేకపోవడం వేరు, నిర్లక్ష్యం వేరు. ఒక జబ్బుకు వైద్యులు ఒప్పుకున్న పద్ధతులు రెండుంటే వాటిలో ఒకటి ఎంచుకున్నందుకు డాక్టర్‌ను తప్పుపట్టలేమని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో తేల్చింది. పైగా మెథోట్రెక్సేట్ కీళ్లవాతానికి మామూలుగా మొదట ఇచ్చే మందే. మందు వద్దనే హక్కు మీ అమ్మకు ఎప్పుడూ ఉంది, ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లే హక్కూ ఉంది, కానీ మా మాట వినలేదు అనే ఒక్క మాట మీద కేసు నిలబడదు.

అయితే మూడో పేజీలో, మీకు తెలియకుండానే, అసలు మాట రాశారు. "అమ్మ ఆ మాత్ర రోజూ పొద్దున చాయ్ తాగాక మరచిపోకుండా వేసుకునేది" అన్నారు. రోజూనా? కీళ్లవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్కసారే. రోజూ వేసుకుంటే నోటి పుండ్లు, రక్తకణాలు పడిపోవడం, ప్రాణం మీదికి రావడం ప్రపంచమంతా తెలిసిన ప్రమాదం. మీ కేసు మొత్తం ఇక్కడుంది. రోజూ వేసుకోమని ఎవరు చెప్పారు? చీటీలో డాక్టరే 1-0-0 అని, అంటే రోజూ పొద్దున ఒకటి అని రాస్తే గట్టి కేసు. చీటీలో వారానికోసారి అని ఉండి, మందుల షాపువాడు కవరు మీద రోజుకొకటి అని గీస్తే డాక్టర్ కాదు, షాపు జవాబు చెప్పాలి. రెండిట్లోనూ వారానికోసారి అనే ఉండి అమ్మే పొరపాటు పడితే కేసు దాదాపు లేనట్టే, ఎందుకంటే దీంతో పాటు ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్ర కూడా ఇస్తారు, ఆమె ఒకదాని బదులు ఇంకోటి వేసుకుందని అవతలి వకీలు మొదటి రోజే అంటాడు.

ఇప్పుడు తిట్టక తప్పదు. డిశ్చార్జి కాగానే "కోపంతో పాత ఫైలు చింపేశాం" అన్నారు. కోపం వస్తే అరవండి, కాగితాలెందుకు చింపారు? అయినా హైదరాబాద్‌లో ఉన్న మీ బావకు చీటీ ఫొటో వాట్సాప్‌లో పంపామన్నారు కదా, ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి, ఆ చాట్ తుడిచేయకండి. ఫోన్‌లోని ఆధారం కాబట్టి దానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేస్తాం. మందుల బిల్లులు వెతకండి. వారానికి ఒక మాత్ర అయితే నెలకు నాలుగైదు చాలు, బిల్లులో ముప్పై ఉంటే ఆ సంఖ్యే మాట్లాడుతుంది. ఇంట్లో ఖాళీ స్ట్రిప్ ఉన్నా దాచండి.

ఇక మీ ఊరి ఆర్‌ఎంపీ "పాత తేదీ వేసి చీటీ రాసిస్తా" అన్నాడన్న సంగతి. ఆ ఇంటి వైపు కూడా పోకండి. మీ కేసు వేయాల్సింది వినియోగదారుల కమిషన్‌లో, అక్కడ నడిచేది కూడా న్యాయ విచారణే, దొంగ సాక్ష్యం పుట్టిస్తే ఏడేళ్ల దాకా జైలు. నిజమైన కేసు కూడా ఆ ఒక్క కాగితంతో పోతుంది. బంధువులతో కలిసి క్లినిక్ ముందు ధర్నా చేస్తామన్నారు, అదీ వద్దు. వైద్యుల మీద దాడులు, ఆస్తి నష్టాలపై 2008 నాటి చట్టం ఉంది, నాన్‌బెయిలబుల్. బాధితులుగా వెళ్లి ముద్దాయిలుగా తిరిగొస్తారు.

గడువు సంగతి తేలిగ్గా తీసుకున్నారు. వినియోగదారుల చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు. డిశ్చార్జి అయి ఇరవై రెండు నెలలన్నారు, కానీ డిశ్చార్జి నుంచి లెక్కేసుకోకండి, మాత్రలు కొన్న తేదీ నుంచే లెక్కపెట్టుకుని రెండేళ్లు నిండకముందే వేయండి. నోటీసు పంపితే గడువు ఆగుతుందనుకునేవాళ్లు చాలామంది, ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడగొచ్చు, కానీ కమిషన్ ఒప్పుకోవాలి, ఫైలు చింపేశాం అనేది కారణం కాదు.

ఈ వారమే అమ్మ సంతకంతో ఆ స్పెషలిస్టుకు రికార్డుల కోసం దరఖాస్తు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధన. ఇన్‌పేషెంట్ రికార్డులైతే మూడేళ్లు ఉంచాలనీ ఉంది, ఓపీ చీటీకి అంత భరోసా లేదు, అందుకే మీ ఫొటో ముఖ్యం. ఎంజీఎం కేసు షీట్‌కు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, అందులో రోగి చెప్పిన మందుల వివరం దగ్గర డ్యూటీ డాక్టర్ రోజూ అని రాసి ఉంటే మీకు పెద్ద ఆధారం. అవి చేతికొచ్చాక ఇంకో కీళ్ల వైద్యుడి అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుని డాక్టర్‌ను, షాపును ఇద్దర్నీ పార్టీలుగా చేర్చి వరంగల్ వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. మీరు చెల్లించింది అయిదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు.

ముందు ఆ వాట్సాప్ ఫొటో తెరిచి, మాత్ర పేరు పక్కన ఏం రాసుందో చదవండి.