పక్కింటి పెరట్లో మడులు చేసే ముందు

చిన్నా,

పక్కింటి టీచరమ్మగారికి ఇంటి వెనక ఖాళీ స్థలంలో కూరగాయల మడులు చేసిపెడతానని మాటిచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. నీ దూకుడు నాకు తెలుసు కనుక నువ్వు గునపం పట్టకముందే రాస్తున్నాను.

ముందు ఆవిడ దగ్గర కూర్చుని టీ తాగు. ఇంట్లో ఏ కూరలు ఎక్కువగా వండుకుంటారో, ఎంతసేపు వంగి పని చేయగలరో, నీళ్లు ఏ కుళాయి నుంచి పట్టుకోవాలో అడుగు. శివరాత్రి వచ్చేసరికి నువ్వు ఆఫీసు పనుల్లో పడిపోతావు. తర్వాత కలుపు తీసేదీ నీళ్లు పెట్టేదీ ఆవిడే. నీకేమో ఆరు మడులు చేయాలని ఉంటుంది. రెండు చాలు, ఇంకా కావాలంటే వచ్చే ఏడు చూసుకోవచ్చు. మూలన నీకు పిచ్చి మొక్కలా కనబడేది ఆవిడ కావాలని పెంచుకుంటున్న నేలవేము కావచ్చు, అడగకుండా ఏదీ పీకకు. నీళ్ల పైపు, డ్రైనేజీ లైను, ఎర్తింగ్ గుంత ఎటున్నాయో కూడా అప్పుడే కనుక్కో.

చోటు ఇప్పుడున్న ఎండని చూసి ఎంచుకోకు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి నడుస్తాడు. మీ హైదరాబాద్‌లో ఆరడుగుల ప్రహరీ నీడ డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపు ఐదడుగుల దాకా పడుతుంది. దక్షిణపు గోడను ఆనుకుని మడి చేశావంటే సంక్రాంతి దాకా దానికి ఎండ తగలదు. ఇంటి గోడకు మట్టి ఎగదోయడం కూడా వద్దు, చెమ్మ లోపలికి వస్తుంది. వెడల్పు మూడడుగులు మించితే ఆవిడ చెయ్యి మధ్యకు అందదు. పొడవు నీ ఇష్టం, పదడుగులు బాగుంటుంది. మడుల మధ్య దారి మాత్రం రెండడుగులు వదులు. మోకాళ్ల నొప్పులంటున్నారు కదా, పీట వేసుకుని కూర్చోవడానికి చోటుండాలి.

అసలు కష్టమంతా నేలతోనే. కాలనీ ప్లాట్లలో పైన రెండంగుళాల మట్టి, కింద మొరం, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెచ్చులు, టైల్స్ ముక్కలు. ఒక అడుగు లోతు గుంత తీసి నిండా నీళ్లు పోసి చూడు. ఆ నీళ్లు ఇంకిపోయాక మళ్లీ పొయ్యి. రెండోసారి పోసినవి మర్నాటికీ నిలిచి ఉంటే మడి తప్పనిసరిగా ఎత్తు చేయాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌ను ముంచిన వాన గుర్తుంది కదా, దసరా ముందు కూడా అలాంటిది పడొచ్చు. అందుకని దసరా వెళ్లాక, నేల పదును మీద ఉన్నప్పుడు తవ్వు. పిడికిట్లో నొక్కితే ముద్దయి, వేలితో తడితే విడిపోవాలి. జిగటగా ఉన్నప్పుడు తవ్వితే ఎండాక పెంకులవుతుంది.

తుంగ ఉందా చూడు. ఉంటే పార పెట్టి నరకొద్దు, ఒక గడ్డ మూడు ముక్కలైతే మూడూ మొలుస్తాయి. గునపంతో గుల్ల చేసి గడ్డలు చేత్తో ఏరాలి. విసుగు పనే, కానీ ఈ ఒక్కటి సరిగా చేస్తే ఆవిడకు సగం చాకిరీ తప్పించినట్టే. వయ్యారిభామ ఉంటే పూతకు ముందే గ్లవ్స్ వేసుకుని పీకెయ్, ఒంటికి తగిలితే దురదలు. వీడియోల్లో నేల తవ్వకుండా అట్టలు పరిచి పైన మట్టి పోస్తారే, అది వాళ్ల చల్లటి దేశాల్లో బాగానే ఉంటుంది. మనకు ఆ అట్టలు చెదపురుగులకు విందు. నాకైతే నచ్చదు.

పదడుగుల మడిని ముప్పావు అడుగు ఎత్తు చేయాలంటే ఇరవై రెండు ఘనపుటడుగుల పైన మట్టి పడుతుంది. బయటి నుంచి ఎర్రమట్టి తెప్పించేముందు దారుల్లో తవ్విన మట్టిని మడి మీదికి ఎత్తు, ఖర్చు తగ్గుతుంది. దానికి బాగా మాగిన పశువుల ఎరువు నాలుగు తట్టలు, వేపపిండి ఒక కిలో కలుపు. పచ్చి పేడ వెయ్యకు, వేరుపురుగు వస్తుంది.

మొదటి మడిలో దీపావళికి విత్తనం పడాలి. పాలకూర, మెంతి, ముల్లంగి వెయ్యి. కొత్తిమీరకు ధనియాలు నేల మీద చెప్పుతో నలిపి, రెండు బద్దలు చేసి చల్లు. గోంగూర అడుగుతారేమో, ఇప్పుడొద్దని చెప్పు. పగలు చిన్నదయ్యే కాలంలో అది ఆకు వేయకుండానే పూతకు వస్తుంది. చుట్టూ నాలుగు బంతి మొక్కలు పెట్టు, పూజకు పూలూ వస్తాయి, వేళ్లకు పట్టే నులిపురుగులూ తగ్గుతాయి. నీళ్లు పొద్దున్నే పెట్టమను. సాయంత్రం తడిపితే రాత్రంతా ఆకు మీద చెమ్మ నిలిచి తెగుళ్లొస్తాయి.

రెండో మడిని తొందరపడి నింపకు. ఓ గుప్పెడు జనుము గింజలు చల్లి వదిలెయ్. పూత మొదలవగానే కోసి, ముక్కలు చేసి మట్టిలో కలిపెయ్. ఆలస్యమైతే కాడ నారెక్కి చివకదు. పైన ఎండుటాకులు గానీ వరిగడ్డి గానీ కప్పు, కార్తీకం దాటాక గడ్డి చవకగానే దొరుకుతుంది. రెండు మూడు వారాలు అప్పుడప్పుడు తడిపితే చాలు. సంక్రాంతికి సంకలెత్తనివ్వని చలిలో బెండ, బీర మొలకెత్తడానికి మొరాయిస్తాయి. జనవరి ఆఖర్లో, రాత్రి చలి కాస్త విరిగాక వేస్తే వేసవి కూరలన్నీ ఆ మడిలోనే వస్తాయి. ఖాళీగా పెట్టావేమని ఆవిడ అడిగితే ఈ సంగతి ముందే చెప్పు, లేకపోతే నువ్వు లేనప్పుడు అందులో టమాటా నారు నాటేస్తారు.

డబ్బు లెక్క మొదటి రోజే మాట్లాడుకో. ఎరువూ విత్తనాలూ ఆవిడవి, కష్టం నీది అనుకుంటే ఇద్దరికీ మొహమాటం ఉండదు. ఎరువు బస్తాల లెక్కన కొను, తూకానికి వద్దు, నీళ్లు చల్లి అమ్మేవాళ్లుంటారు. ఒక బస్తా మూతి విప్పి వాసన చూడు. పేడ కంపు కొడితే తిప్పి పంపించెయ్.

మీ పెద్దమ్మ