వెంగమాంబ పేరు పెట్టే ముందు

అమ్మాయికి, మీ అత్త ఆశీస్సులు.

పాపకు అవ్వ పేరు వెంగమాంబ అని పెట్టాలని మీ నాన్న, అంత పాత పేరు వద్దని మీ ఆయన పట్టుబడుతున్నారని తెలిసింది. టెన్షన్ పడకు. వెంగమ్మ అంటే ఎవరో తెలుసుకున్నాక ఉంచుకుంటావో వదిలేస్తావో నీ ఇష్టం.

వెంగమ్మ, వెంకమ్మ, వెంకాయమ్మ అన్నీ ఏడుకొండలవాడి పేరు మీద వచ్చినవే. 'వేం' అంటే పాపాలు, 'కట' అంటే కాల్చేది అని పురాణాల్లో చెప్తారు. అయితే మన నెల్లూరు వైపు ఇన్ని ఇళ్లలో వెంగమ్మలు, వెంగయ్యలు ఉన్నారంటే అది నర్రవాడ వెంగమాంబ పేరంటాలు చలవ. దుత్తలూరు మండలంలో ఆమె గుడి ఉంది. మా అమ్మకు వచ్చింది ఆ మొక్కు పేరే. నిప్పుల్లో దూకిన ఆ ఇల్లాలి కథ నీకు మింగుడు పడదని నాకు తెలుసులే.

అందుకే ఇంకో వెంగమాంబ గురించి చెప్తాను. 1730లో తరిగొండలో పుట్టింది. గుర్రంకొండ దగ్గరి ఊరు. చిన్నప్పుడే భర్త పోయాడు. బొట్టు తీయను, జుట్టు తీయించుకోను అని ఊరంతటికీ ఎదురు నిలిచిందట. ఆ రోజుల్లో ఎంత గుండె ధైర్యం ఉండాలో ఆలోచించు! తర్వాత తిరుమల చేరి, 1817లో పోయేదాకా అక్కడే ఉంది. ఓనమాలు కూడా గురువు దగ్గర నేర్చుకోలేదని తనే రాసుకుంది. ఆ మనిషే 'వేంకటాచల మాహాత్మ్యం' రాసింది, భాగవతాన్ని ద్విపదలో చెప్పింది. 'తాళ్ళపాక వారి లాలి, తరిగొండ వారి హారతి' అని ఊరికే అనలేదు. ఈనాటికీ రాత్రి ఏకాంతసేవలో స్వామికి ఆమె పేరు మీద ముత్యాల హారతి ఇస్తారు. తిరుమలలో మనం భోంచేసే అన్నప్రసాద భవనానికి ఉన్నదీ ఆమె పేరే. మీ ఆయన అక్కడ ఎన్నిసార్లు తిన్నాడో అడుగు!

నన్నడిగితే, అవ్వ పేరే పెట్టు, మనసులో మాత్రం తరిగొండమ్మను తలుచుకో. మీ నాన్న మాట నెగ్గుతుంది, కథ చెప్పాల్సి వచ్చినప్పుడు నీకూ ఇబ్బంది ఉండదు.

పెడితే మాత్రం పిలిచే పేరుగా పెట్టు. సాన్వికో, ఆద్యో పెట్టి వెంగమాంబను మధ్యలో ఇరికిస్తే బడిలో అది ఒట్టి 'వి' అయిపోతుంది. పెద్దల నోరు మూయించడానికి పెట్టే అలాంటి పేరు నాకు నచ్చదు, దానికంటే పెట్టకపోవడమే మేలు. పలకడానికి పొడుగైతే ఇంట్లో 'అంబ' అని పిలుచుకోండి, ముద్దుగానే ఉంటుంది.

బారసాల నాటికి తేలకపోయినా కొంపలేం మునగవు. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఏడాదిలోపు ఫీజు లేకుండా రాయించుకోవచ్చు. ఇంగ్లీషు స్పెల్లింగులో మాత్రం 'క'నో 'గ'నో ముందే తేల్చుకుని, ఆధార్‌లోనూ అదే రాయించండి. రెండుచోట్లా రెండు రకాలుగా పడితే పాస్‌పోర్టు దగ్గర మీ ఆయనే తిరగాలి.

మీ అత్త