చంకలో గడ్డ తగులుతోందా? సెంటినల్ నోడ్ బయాప్సీకి ముందే అదేంటో తేలాలి

ప్రశ్న: నాకు 49 ఏళ్లు. ఎడమ రొమ్ములో రెండు సెంటీమీటర్ల గడ్డ, బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది. సెంటినల్ నోడ్ బయాప్సీ చేసి, అవసరమైతేనే చంకలో గ్రంథులన్నీ తీస్తామన్నారు. అమ్మాయి పెళ్లి ఉందని రెండు నెలలు వాయిదా వేసుకున్నాను. ఈమధ్య చంకలోనూ చిన్న గడ్డ తగులుతుంటే మెడికల్ షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ వాడుతున్నాను. ఆపరేషన్‌లో వాడే రంగు మందుతో ఒళ్లంతా నీలంగా మారుతుందట, నిజమేనా?
- ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రంగు సంగతి తర్వాత చెబుతానమ్మా. నాకు ముందు కంగారు పుట్టించింది చంకలో గడ్డ.

రొమ్ము నుంచి లింఫ్ ద్రవం మొదట చేరే గ్రంథులే సెంటినల్ నోడ్స్, సాధారణంగా ఒకటి నుంచి మూడు. రొమ్ములోకి రంగు మందు ఎక్కించి, అది ఏ గ్రంథుల్లోకి చేరిందో చూసి వాటిని గుర్తిస్తాం. వాటిలో క్యాన్సర్ లేకపోతే మిగతావాటి జోలికి వెళ్లం, చెయ్యి వాచే ముప్పు బాగా తగ్గుతుంది. అయితే ఇది చంకలో చేతికేమీ తగలనివాళ్లకు వేసే ప్లాన్. ఇప్పుడు మీకు తగులుతోంది. గ్రంథి నిండా క్యాన్సర్ ఉంటే రంగు అందులోకి పోకుండా పక్కదారి పడుతుంది, అసలైన గ్రంథే తప్పిపోవచ్చు. అందుకే ముందు చంకకు అల్ట్రాసౌండ్ చేసి, అనుమానం ఉంటే సూదితో నమూనా తీస్తారు. క్యాన్సరని తేలితే కొందరికి ముందు కీమో ఇచ్చి, తర్వాత ఆపరేషన్ చేస్తాం. బయాప్సీ వల్ల వాచిన మామూలు గ్రంథి కూడా కావచ్చు, చూడకుండా నేను చెప్పలేను.

క్యాన్సర్ రిపోర్టు ఇంట్లో పెట్టుకుని చంకలో గడ్డకు షాపు కౌంటర్ దగ్గర మందు అడిగితే ఎలాగమ్మా? కాస్త మెత్తబడినట్టు అనిపిస్తే ఇంకో వారం ఆగుతారు, ఆ తర్వాత ఇంకో వారం. నా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్లలో చాలామంది ఇలా ఆగినవాళ్లే. పెళ్లి పనులు చూడ్డానికి ఇంట్లో పదిమంది ఉంటారు.

ఇక రంగు. మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు మందు అయితే మూత్రం ఒకటి రెండు రోజులు నీలంగానో ఆకుపచ్చగానో వస్తుంది. రొమ్ము మీద మరక వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. అంతకుమించి భయం అక్కర్లేదు, అలర్జీ అరుదు. డిప్రెషన్‌కు ఎస్సిటలోప్రామ్ లాంటి మాత్రలు వాడుతున్నా, జీ6పీడీ లోపం (కొన్ని మందులకు ఎర్ర రక్తకణాలు పగిలిపోయే పుట్టుకతో వచ్చే లోపం) ఉన్నా మాత్రం ముందే చెప్పాలి, ఈ రంగుతో వాటికి పడదు. అలాగని మాత్రలు మీ అంతట మీరు మానేయొద్దు. ఆ గ్రంథుల్ని గుర్తించడానికి మిథిలీన్ బ్లూకి బదులు రేడియో ఐసోటోప్ (కొద్దిపాటి రేడియోధార్మిక మందు), ఐసీజీ (ప్రత్యేక కెమెరాతో కనిపించే మరో రంగు మందు) లాంటివీ ఉన్నాయి.

ఈ వారంలోనే మామోగ్రామ్, బయాప్సీ, క్యాన్సర్ ఏ రకమో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్-2 రిపోర్టులు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు పట్టుకుని మీ సర్జన్‌ను కలవండి. ముహూర్తం ఎప్పుడో కూడా చెప్పండి, వీలైతే దాన్ని బట్టి తేదీలు సర్దుతారు.