పెన్ను గుచ్చి ప్లగ్గు పెట్టొద్దు

అమ్మడూ,

మాంచెస్టర్‌లో నీకు సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. పెరంబూరులో మా వీధి వీధంతా చెప్పేశాను. సంబరం కాస్త తగ్గాక టెన్షన్ పట్టుకుంది. చలి గురించీ తిండి గురించీ చెప్పడానికి నీకు బోలెడు మంది ఉన్నారు. ఓడల్లో కరెంటు పని చేసి రిటైరైనవాణ్ణి, నా భయాలు నావి.

వోల్టేజీ గురించి బెంగ వద్దు. అక్కడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నీ లాప్‌టాప్ చార్జర్ డబ్బా మీద సన్నటి అక్షరాల్లో ఇన్‌పుట్ 100-240 అని ఉందో లేదో చూసుకో, చాలు. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ కొట్లలో ఎవరైనా వోల్టేజీ మార్చే కన్వర్టర్ అంటగట్టబోతే దణ్ణం పెట్టి వచ్చెయ్. తేడా పిన్నుల్లోనే. మనవి గుండ్రం, వాళ్లవి పలక.

మీ నాన్న బోల్తా పడింది అక్కడే. ఆఫీసు పని మీద లండన్ వెళ్లి, మన ప్లగ్గుని అక్కడి సాకెట్‌కి అతికించే ఎడాప్టర్ కొనడానికి బద్ధకించాడు. మనిళ్లలో చేసినట్టే పై కన్నంలో పెన్ను గుచ్చి, కింది రెండింట్లోకి తన రెండు పిన్నుల ప్లగ్గు తోసేశాడు. చార్జింగ్ ఎక్కింది. మహా మేధావి! పై కన్నం ఎర్త్‌ది. పొడుగు పిన్ను అందులోకి దిగితేనే కింది కన్నాల మూతలు తెరుచుకుంటాయి, పసిపిల్లలు పుల్లలు పెట్టకుండా. గుండ్రటి పిన్ను అక్కడ వదులుగా నిలబడుతుంది. వదులున్న చోట వేడి పుడుతుంది. పైగా అక్కడి చాలా ఇళ్లలో గదుల సాకెట్లన్నీ ఒకే చుట్టు వైరు మీద, 32 ఆంపియర్ల బ్రేకర్ కింద ఉంటాయి. సన్నటి చార్జర్ వైరు మాడిపోతున్నా ఆ బ్రేకర్ పడకపోవచ్చు. అందుకే 1947లో బీఎస్ 1363 అనే బ్రిటిష్ ప్రమాణం తెచ్చి ప్రతి ప్లగ్గులోనూ ఫ్యూజు పెట్టారు. మీ నాన్న ప్లగ్గులో అది ఎక్కణ్ణుంచి వస్తుంది? రాత్రి లాప్‌టాప్ రజాయి మీదే పెట్టి నిద్రపోయాడు. తెల్లారుజామున చేప మాడుతున్న వాసనకి లేచి చూస్తే, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి మెత్తబడి ఉంది. "ఏం కాలేదులెండి బావగారూ" అని ఫోన్‌లో నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఓడలో మంటంటుకుంటే పారిపోవడానికి నేలుండదు, ఆ భయం ఒంట్లోంచి పోదు.

మొదటి నాలుగు రోజులకి మంచి ఎడాప్టర్ తీసుకెళ్లు. ఎర్త్ అందనిదైతే లోహపు లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టినప్పుడు జివ్వుమంటుంది. అక్కడికెళ్లాక వైరే మార్చెయ్. చార్జర్ డబ్బాలో దూరే కొస మూడు కన్నాలదైతే, మనవాళ్లు మిక్కీ మౌస్ అంటారే, అదే కొసతో అక్కడి ప్లగ్గున్న వైరు అమ్ముతారు. ఫ్యూజు సాధారణంగా 3 ఆంపియర్లది ఉంటుంది. అది పోతే చేతికందిందని 13ది వేసెయ్యకు.

చార్జర్‌ని రజాయి కింద పెట్టుకోకు. వెచ్చగా ఉంటుంది, నాకు తెలుసు. చిన్నప్పుడు మా టీవీ స్టెబిలైజర్ మీద కాళ్లు పెట్టుకుని కూర్చునేదానివి, ఎన్నిసార్లు తిట్టానో! తిట్టి మళ్లీ నేనే దుప్పటి తెచ్చి కప్పేవాణ్ణి.

మీ అమ్మ సూట్‌కేసులో ఇస్త్రీపెట్టె సర్దుతోందట. తీయించెయ్, ట్రావెల్ ఎడాప్టర్ ఆ లోడు మొయ్యకపోవచ్చు. ఈ ఆదివారం చార్జర్ పట్టుకుని రా, లేబుల్ నేనూ ఒకసారి చూస్తాను. అత్తయ్య గోంగూర తెప్పించింది.

మీ మామయ్య