ఆఫీసు సందేహాలు: 'బెల్ కర్వ్, నా చేతుల్లో లేదు'

ప్రశ్న: ఏడాదంతా మా మేనేజర్ 'బాగా చేస్తున్నావ్' అన్నారు. అప్రైజల్‌లో మాత్రం సగటు కన్నా తక్కువ రేటింగ్ వచ్చింది. అడిగితే 'బెల్ కర్వ్, నా చేతుల్లో లేదు' అంటున్నారు. పైవాళ్ల మీద నమ్మకం పోయింది. ఏం చేయాలి?

జవాబు: ఆయన చెప్పింది సగమే నిజం. బెల్ కర్వ్ అంటే ఏ రేటింగ్‌లో ఎంత శాతం మంది ఉండాలో ముందే గీత గీసే పద్ధతి. 1980లలో జాక్ వెల్చ్ అధిపతిగా ఉన్న హయాంలో అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్ దీనికి పేరు తెచ్చింది: పైన 20 శాతం, మధ్యలో 70, అడుగున 10. మైక్రోసాఫ్ట్ 2013లో వదిలేసింది. వేరే పేర్లతో ఇంకా చాలాచోట్ల నడుస్తోంది.

చిక్కంతా లెక్కలోనే ఉంది. ఎనిమిది మంది టీమ్‌లో 10 శాతం అంటే 0.8. మనిషిని కోయలేరు కదా! అందుకే నాలుగైదు టీములను కలిపి, మేనేజర్లంతా కూర్చుని రేటింగులు ఖరారు చేస్తారు. కాలిబ్రేషన్ మీటింగ్ అంటే అదే. అక్కడ ఒక్కొక్కరికి దక్కేది కొద్ది నిమిషాలు. మీ పని దగ్గరగా తెలిసింది మీ మేనేజర్‌కే, మిగతావాళ్లకు మీరు జాబితాలో ఒక పేరు. ఆయన దగ్గర మీ గురించి రెండు గట్టి వాక్యాలు లేకపోతే, గట్టిగా మాట్లాడే మేనేజర్ మనుషులు పైకి వెళ్తారు. శాతం ఆయన చేతిలో లేదు, నిజమే. మీ తరఫున మాట్లాడటం మాత్రం ఆయన చేతిలోదే.

ఇప్పుడొచ్చిన రేటింగ్ మారడం కష్టం. అయినా ఓ అరగంట అడిగి ఈ మూడు ప్రశ్నలు వేయండి. మీటింగ్‌కు ముందు మీరిచ్చిన రేటింగ్ ఎంత? అక్కడ నా మీద వచ్చిన అభ్యంతరం ఏమిటి? పై రేటింగ్ రావాలంటే నా పనిలో ఏం కనబడాలి? మొదటిదానికి 'గోప్యం' అనొచ్చు. మూడోదానికి 'ఇంకాస్త విజిబిలిటీ కావాలి' అంటే అక్కడితో వదలకండి. ఏ పని, ఎవరి ముందు, ఎప్పటిలోగా అని అడగండి. అదే రోజు 'మనం అనుకున్నవి ఇవి, తేడా ఉంటే చెప్పండి' అని మెయిల్ పెట్టండి. అందులో నిష్ఠూరాలు వద్దు.

వచ్చే ఏడాది కోసం ప్రతి శుక్రవారం పది నిమిషాలు కేటాయించండి. చేసిన పని, అడిగినవారు, ముందూ తర్వాతా అంకెలు రాసుకోండి. 'రిపోర్ట్ మెరుగుపరిచాను' అని కాదు, 'ఆరు గంటలు పట్టే రిపోర్ట్ నలభై నిమిషాల్లో వస్తోంది' అని. కాలిబ్రేషన్‌కు మూడు వారాల ముందే వాటిలో ఐదు ఏరి మేనేజర్‌కు పంపండి. సెల్ఫ్ అప్రైజల్‌ను గడువు రోజు హడావిడిగా నింపితే, అప్పటికే ఆయన మనసులో రేటింగ్ పడిపోయి ఉంటుంది. ఒక జాగ్రత్త: ఆధారాల పేరిట ఆఫీసు ఫైళ్లు, కస్టమర్ వివరాలు సొంత మెయిల్‌కు పంపుకోకండి. ఉద్యోగం పోవడానికి అదొక్కటి చాలు.

ప్రశ్న: పేరు అడగని ఉద్యోగుల సర్వేలో నిజం రాయొచ్చా?

జవాబు: స్కోర్లు నిజంగానే వేయండి. వ్యాఖ్యల దగ్గరే జాగ్రత్త. లింక్ మీకు విడిగా వచ్చిందంటే, సర్వే నడిపేవారి దగ్గర మీ వివరం ఉండే అవకాశం ఉంది. అది లేకున్నా విభాగం, హోదా, చేరిన ఏడాది కలిపితే ఒక్కరే మిగలొచ్చు. ప్రాజెక్టు పేరు, తేదీ, మీ ఊతపదం రానివ్వకండి. 'మేనేజర్‌కు పద్ధతి లేదు' అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. 'పని ముగిసే వేళకు కొత్త మార్పులు చెబుతున్నారు, గడువు మాత్రం జరపడం లేదు' అని రాస్తే సరిదిద్దడానికి ఒక పని దొరుకుతుంది.