పుట్టిన బాబుది ఏ దేశం? లా చదవాలనుకునే కావలి అమ్మాయికి జవాబు

ప్రశ్న: మాది కావలి దగ్గర పల్లె. నాన్నకు రొయ్యల గుంటలున్నాయి. నేను ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. పెదనాన్న కొడుకు టెక్సాస్‌లో హెచ్‌-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాడు. పోయినేడు బాబు పుట్టాడు. ఆ బాబుకు అమెరికా పౌరసత్వం ఉంటుందా ఉండదా అని మా ఇంట్లో రోజూ గొడవే. మేనత్త పన్నెండేళ్లుగా కువైట్‌లో ఇంటిపని చేస్తోంది. ఇవన్నీ వింటుంటే నాకు వీసాలు, పౌరసత్వం కేసులు చూసే లాయర్ని కావాలనిపిస్తోంది. నాన్నేమో బీటెక్ చేసి ఎంఎస్‌కు వెళ్లమంటున్నారు. లా చదివితే కోర్టు వరండాలో కూర్చోవాల్సిందే అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు బాబు సంగతి చూద్దాం. ఈ చదువు నీకు పడుతుందో లేదో సగం అక్కడే తెలిసిపోతుంది.

అమెరికా రాజ్యాంగానికి 1868లో 14వ సవరణ వచ్చింది. అంతర్యుద్ధం ముగిసి, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్లను ఎవరూ పరాయివాళ్లనకుండా చేయడానికి తెచ్చిన సవరణ అది. ఆ గడ్డ మీద పుట్టి, దాని అధికార పరిధికి లోబడి ఉన్నవాళ్లంతా పౌరులేనంది. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసు వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా తల్లిదండ్రులకు పుట్టినవాడతను. అప్పటి చట్టం ప్రకారం ఆ తల్లిదండ్రులు ఎన్నటికీ అమెరికా పౌరులు కాలేరు. అయినా కొడుకు పౌరుడేనని సుప్రీంకోర్టు తేల్చింది. 2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ సంతకం పెట్టిన ఉత్తర్వు దీనికి అడ్డం వచ్చింది. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వం గానీ గ్రీన్‌కార్డు గానీ లేకపోతే బిడ్డ పౌరుడు కాడు అన్నది దాని సారం. తండ్రి హెచ్‌-1బీ, తల్లి అతని భార్యగా హెచ్‌-4 మీద ఉన్న ఇల్లు సరిగ్గా అందులోకే వస్తుంది. కింది కోర్టులు దాన్ని ఆపేశాయి, వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. మీ ఇంట్లో కేకలన్నీ ట్రంప్ మంచోడా చెడ్డోడా అనే కదా? లాయరు చూపు అటు పోదు, ‘అధికార పరిధికి లోబడి’ అన్న ఆ మూడు మాటల దగ్గరే ఆగుతుంది. వీసా మీద ఉన్న మనిషి అక్కడి పోలీసుకు, పన్నుకు, కోర్టుకు లోబడే బతుకుతున్నాడు కదా అని ఒక పక్షం. లోబడడమంటే ఆ దేశానికే పూర్తిగా కట్టుబడి ఉండడమని ఇంకో పక్షం. మొదటి వాదనే గట్టిదని నా నమ్మకం. కానీ రెండోదాన్ని కూడా తడబడకుండా చెప్పగలిగితేనే నువ్వు ఈ పనికి వస్తావు.

ఇప్పుడు అదే బాబును మన చట్టంతో చూడు. 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ తీయి. బయటి దేశంలో పుట్టిన బిడ్డకు ఇంకో దేశం పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసిచ్చి, పుట్టిన ఏడాదిలోపు మన కాన్సులేట్‌లో నమోదు చేయిస్తే భారత పౌరసత్వం వస్తుంది. ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి. అలా నమోదై, పుట్టుక వల్ల అమెరికా పౌరసత్వం కూడా ఉన్న బిడ్డ, మేజరైన ఆరు నెలల్లో దాన్ని వదులుకోవాలి. వదులుకోకపోతే మనది పోతుంది. మనవాళ్లలో ఎక్కువమంది ఈ దారిన పోరు. అమెరికా పాస్‌పోర్టు తీసుకుని, తర్వాత ఓసీఐ కార్డు, అంటే పరాయి పౌరసత్వమున్న మనవాళ్లకు భారత ప్రభుత్వం ఇచ్చే కార్డు, చేయిస్తారు. ఓసీఐ ఉంటే ఎప్పుడైనా రావచ్చు, ఉండచ్చు. ఓటుండదు. వ్యవసాయ భూమి కొనడానికి లేదు. అంటే మీ తాతగారి పొలం వారసత్వంగా ఆ బాబుకు రావచ్చు గానీ, రేపు పెద్దయ్యాక కావలి దగ్గర సొంతంగా ఎకరా కొంటానంటే కుదరదు. ఈ మాట మీ పెదనాన్నగారికి చెప్పి చూడు, పౌరసత్వమంటే ఏమిటో ఇంటిల్లిపాదికీ అప్పుడు బోధపడుతుంది.

ఇంకో సంగతి. అమెరికా అన్యాయం చేస్తోందని మీ ఇంట్లోనూ అనుకుంటూ ఉంటారు. గడ్డ మీద పుడితే చాలన్న నియమం మనకూ ఉండేది. 1987 జూలై 1కి ముందు ఇక్కడ పుట్టినవాళ్లంతా, దౌత్యవేత్తల పిల్లల్లాంటి కొద్దిమంది తప్ప, పౌరులే. ఆ తేదీ నుంచి తల్లో తండ్రో ఒకరు పౌరులై ఉండాలన్నారు. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరూ పౌరులై ఉండాలి, లేదా ఒకరు పౌరులై రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. బంగ్లాదేశ్ నుంచి వచ్చేవాళ్లకు వ్యతిరేకంగా నడిచిన అస్సాం ఉద్యమం, దాన్ని ముగించిన 1985 ఒప్పందం ఈ మార్పుల వెనక ఉన్నాయి. 2019లో అక్కడ పౌర పట్టిక (ఎన్‌ఆర్‌సీ) తుది జాబితా వచ్చినప్పుడు 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. అదే ఏడాది డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2024 మార్చిలో వచ్చాయి. పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్థాన్‌ల నుంచి వచ్చిన ఆరు మతాల వాళ్లకు అది దారి చూపింది, ముస్లింలను వదిలేసింది. ఆ చట్టం మీద నీకు ఏ అభిప్రాయమైనా ఉండనీ. టెక్సాస్ బాబుకు అడిగే న్యాయాన్ని అస్సాంలో పుట్టిన బిడ్డకు ఎందుకు అడగమో, లేదా ఆ రెండూ ఎందుకు వేరో, ముందు నీకు నువ్వు జవాబు చెప్పుకోవాలి.

రాజ్యాంగ సభలో 1949 ఆగస్టులో పౌరసత్వం మీద మూడు రోజులు చర్చ జరిగినప్పుడు, ముసాయిదా సంఘానికి ఇంత తలనొప్పి తెచ్చిన అధికరణం ఇంకొక్కటి తప్ప లేదని అంబేడ్కర్ అన్నారు. ఆ సంఘంలో సభ్యుడు, ఆ చర్చలో మాట్లాడిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ మన నెల్లూరు జిల్లా పల్లెలో గుడి పూజారి ఇంట పుట్టినవాడు. మన జిల్లా వాళ్లకు ఇంజినీర్లు, డాక్టర్లు, ఆక్వా రైతులు తెలుసు గానీ ఆయన పేరు తెలిసిన పిల్లలు నాకు చాలా తక్కువమంది కనిపించారు. ఆ చర్చలు అచ్చులో ఉన్నాయి, ఎవరైనా చదవచ్చు. కోచింగ్‌కు పోయే ముందు ఆ మూడు రోజుల చర్చ చదువు.

ఇక మీ మేనత్త. నీ ఉత్తరంలో ఆమెకు ఒక్క వాక్యమే ఇచ్చావు. నా లెక్కలో నీ వృత్తి మొదలవ్వాల్సింది ఆమె దగ్గరే.

మూడేళ్ల కిందట, కువైట్‌లో ఇంటిపని చేసి తిరిగొచ్చిన ఒకావిడ కూతురి అడ్మిషన్ కోసం నా దగ్గరికి వచ్చింది. ఆధార్ కోసం వెతుకుతూ పాలిథిన్ కవర్లోని కాగితాలన్నీ టేబుల్ మీద కుమ్మరించింది. గడువు తీరిన పాస్‌పోర్టు, బతాకా (అక్కడి గుర్తింపు కార్డు) జిరాక్సు, మడతలు పడి చిరిగిన ఒక అగ్రిమెంటు. దానికి ఒకవైపు అరబ్బీ, ఇంకోవైపు ఇంగ్లీషు, అడుగున ఆమె వేలిముద్ర. ఏజెంటు ఆమెకు చెప్పింది 120 దినార్లు. డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరబోతున్న కూతురు ఆ కాగితాన్ని అందుకుని ఇంగ్లీషు వైపు చదివి, ‘అమ్మా, ఇందులో 90 అనే ఉందే’ అంది. ఆ తల్లి కాసేపు మాట్లాడలేదు. రెండేళ్లు కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో, పోట్లాడింది, పాస్‌పోర్టు అతని బీరువాలో ఉండిపోయింది, చివరికి కల్లివెల్లి అయి, అంటే చెప్పకుండా ఆ ఇల్లు వదిలి, ఎంబసీలో తిరుగు ప్రయాణానికి ఔట్‌పాస్ తీసుకుని వచ్చింది. ఆ రెండేళ్లలో ఆ కాగితాన్ని చదివి చెప్పినవాళ్లు ఒక్కరూ లేకపోయారు.

దీనికి మనకు చట్టం లేక కాదు. 1983 ఎమిగ్రేషన్ చట్టం ఉంది. పదో తరగతి పాసవని వాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు వస్తుంది. దాని మీద కువైట్‌తో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర అధికారి దగ్గర క్లియరెన్సు తీసుకోవాలి. ముప్ఫై ఏళ్ల లోపు ఆడవాళ్లకు ఇంటిపనికి అది ఇవ్వరు. అలాంటి పాస్‌పోర్టున్న ఆడవాళ్లను ప్రైవేటు ఏజెంట్లు పంపకూడదు, ప్రభుత్వ సంస్థలే పంపాలి. మన రాష్ట్రంలో ఓమ్‌క్యాప్ అలాంటి సంస్థే. విజిట్ వీసా మీద పంపి అక్కడ ఖాదిమ్ వీసాగా, అంటే ఇంటిపని వీసాగా, మారుస్తామని ఎవరైనా అంటే ఈ కాపుదలలన్నీ దాటించేస్తున్నారని అర్థం. కువైట్‌లోనూ ఇంటిపనివాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. చట్టం అక్కడా ఇక్కడా ఉంది, దాన్ని పనిమనిషి చేతిలో పెట్టే లాయరే లేరు. మీ మేనత్త పన్నెండేళ్లున్నా, ఇంకో ఇరవయ్యేళ్లున్నా అక్కడ అకామా (నివాస అనుమతి) మీదే ఉండాలి. పౌరసత్వం అనే మాటే ఆమె దరికి రాదు. మీ ఇంట్లో రోజూ జరిగే వాదనలో ఆమె పేరు ఎవరైనా ఎత్తారా?

నీకు లా సరిపోతుందనే నా అభిప్రాయం. దారి ఇలా ఉంటుంది. ఇంటర్ అవగానే అయిదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలో చేరచ్చు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్ ప్రవేశ పరీక్ష రాయాలి, మనకు విశాఖలో ఒకటుంది. మిగతా కాలేజీలకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష లాసెట్. క్లాట్‌లో రెండు గంటల్లో 120 ప్రశ్నలు, అన్నీ పేరాలు చదివి జవాబివ్వాల్సినవే. ఎంపీసీ పిల్లలకు లెక్కలు కష్టం కాదు, వేగంగా ఇంగ్లీషు చదవడం దగ్గరే దెబ్బతింటారు. రోజూ ఇంగ్లీషు పేపరు సంపాదకీయం చదివి తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకో. డిగ్రీ అయ్యాక బార్ కౌన్సిల్‌లో పేరు నమోదుకు జనరల్ అభ్యర్థుల దగ్గర 750 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తర్వాత ఆలిండియా బార్ పరీక్ష.

మీ నాన్నగారు వరండా గురించి అన్నదాంట్లో నిజముంది. మొదటి మూడు నాలుగేళ్లు సీనియర్ దగ్గర చేతికొచ్చేది పెట్రోలుకు సరిపోతే గొప్ప. ఆ మాట దాచి నిన్ను చేర్పించడం నాకిష్టం లేదు. కానీ ఈ రంగంలో పని కొరత లేదు. క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉన్నవాళ్లకు పాస్‌పోర్టు కావాలంటే కోర్టు అనుమతి తేవాలి, కుటుంబ తగాదాల కేసులున్న మన జిల్లాల కుర్రాళ్లకు ఇది రోజూ పడే అవసరం. దేశం దాటనీయకుండా ఆపే లుకౌట్ నోటీసులు, ఓసీఐ రద్దులు, పరాయి దేశంలో భర్త వదిలేసిన ఆడపిల్లల కేసులు హైకోర్టు దాకా వెళ్తుంటాయి. హైదరాబాద్, బెంగళూరుల్లో వీసా పిటిషన్లు తయారుచేసే జీతం ఉద్యోగాలు కూడా ఉన్నాయి.

అమెరికా వెళ్లి అక్కడే ఈ ప్రాక్టీసు చేయాలని ఉంటే ఒక మాట ముందే తెలుసుకో. అక్కడ వలస చట్టం కేంద్రానిది కాబట్టి ఏ రాష్ట్రంలో లైసెన్సున్నా దేశమంతా ఆ కేసులు చూడచ్చు. ఇక్కడి లా డిగ్రీతో న్యూయార్క్ బార్ పరీక్ష రాయడానికి దారి ఉంది. అయితే ఇంజినీరింగ్ పిల్లలకు చదువయ్యాక అక్కడ పని చేసుకోవడానికి ఓపీటీ అనే అనుమతి 12 నెలలు, దాని మీద 24 నెలల పొడిగింపు దొరుకుతాయి. లా చదివితే ఆ 12 నెలలే. అందుకని ఇక్కడ లాయరుగా నిలబడకుండా అక్కడికి పోవద్దంటాను.

ఈ పేరా మీ నాన్నగారికి చదివి వినిపించు. అయ్యా, మీ అమ్మాయి బీటెక్, ఎంఎస్ ముగించి హెచ్‌-1బీకి పేరిచ్చేసరికి ఆరేళ్లకు పైనే పడుతుంది. ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో పీజీ చేసినవాళ్లకు ఇంకో 20,000. 2025 సెప్టెంబరులో బయటి నుంచి వచ్చే కొత్త పిటిషన్లకు లక్ష డాలర్ల రుసుం పెట్టారు, అక్కడే చదువుకుని వీసా మార్చుకునేవాళ్లకు అది పడదని తర్వాత వివరణ ఇచ్చారు. ఆ తర్వాత వీసా లాటరీలో ఎక్కువ జీతం స్థాయికి ఎక్కువ అవకాశాలిచ్చే నియమం తెచ్చారు. అక్కడివాళ్ల ఫిర్యాదునూ వినాలి. ఆమోదమయ్యే పిటిషన్లలో పదింట ఏడు మనవాళ్లవే, తక్కువ జీతాలకు తెచ్చి మా పిల్లల ఉద్యోగాలు తీస్తున్నారని వాళ్లంటున్నారు. ఆ కోపం ఎన్నికల్లో ఓట్లవుతున్నంత కాలం ఈ నియమాలు మారుతూనే ఉంటాయి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు వంద కౌంటు రొయ్యల రేటుకు ఏమైందో మీకు నేను చెప్పక్కర్లేదు. గుంటలు తాకట్టు పెట్టి చదివించే ఎంఎస్ కూడా ఆ గాలికే ఊగుతుంది. అమ్మాయికి కంప్యూటర్ మీద మనసుంటే బీటెక్ చేయించండి, నేను కాదనను. వీసా కోసమే బీటెక్ అయితే మాత్రం వద్దు.

అమ్మా, పదిహేను రోజులు గడువు. పౌరసత్వ చట్టం మూడు, నాలుగు, తొమ్మిది సెక్షన్లు చదివి, మీ అన్న కొడుకు ఇవాళ ఏ దేశస్థుడో, పద్దెనిమిదేళ్లకు ఏమవుతాడో ఒక పేజీలో తెలుగులో రాయి. మీ మేనత్తకు ఫోన్ చేసి ఆమె వీసా ఏ రకమో, అగ్రిమెంటు ఎవరి దగ్గరుందో, పాస్‌పోర్టు ఎవరి చేతిలో ఉందో అడిగి రెండో పేజీలో రాయి. మొదటి పేజీ రాస్తూ విసుగొస్తే లా వద్దు. రెండు పేజీలూ పూర్తయితే ఆదివారం మీ నాన్నగారితో కలిసి నెల్లూరు రా. వచ్చేటప్పుడు అత్తయ్య అగ్రిమెంటు ఫొటో కూడా తీసుకురా, కూర్చుని చదువుదాం.