స్కూల్ ట్యాక్స్ తగ్గించామన్నారు, మరి ఇంటి కిస్తీ ఎందుకు పెరిగింది?

ప్రశ్న: డాలస్ ఉత్తర శివార్లలో 2024 మార్చిలో కొత్త ఇల్లు కొన్నాం. ఇద్దరం హెచ్‌1బీ మీద ఐటీ ఉద్యోగాలు చేస్తున్నాం. స్కూల్ ట్యాక్స్ తగ్గించామని, బడులకు నిధులు పెంచామని, నీటి పనులకు డబ్బు కేటాయించామని మా ప్రాంత టెక్సస్ శాసనసభ్యుడి నుంచి లేఖ వచ్చింది. ఆ నెలలోనే బ్యాంకు మా కిస్తీ 1,640 డాలర్లు పెంచింది. నిరుడు 2,880 డాలర్లున్న ప్రాపర్టీ ట్యాక్స్ ఇప్పుడు 12,720 అయింది. 401కె (రిటైర్మెంట్ పొదుపు) నుంచి లోన్ తీసి కట్టేయమంటారా? ప్రభుత్వం ఇచ్చే డబ్బుతో బాబును ప్రైవేట్ స్కూల్లో వేయొచ్చా?

జవాబు: అమ్మా, ముందు లోన్ ఆలోచన మానుకోండి. ఎందుకో చెప్తాను.

లేఖలో ఉన్నది నిజమే. 2025 నవంబర్‌లో ఓటర్లు ఒప్పుకోవడంతో, స్కూల్ ట్యాక్స్ లెక్కలో, యజమాని తాను ఉండే ఇంటి విలువ నుంచి తీసేసే హోమ్‌స్టెడ్ మినహాయింపు 1,00,000 నుంచి 1,40,000 డాలర్లకు పెరిగింది. మీ స్కూల్ రేటు నూటికి 1.20 కాబట్టి దీనివల్ల ఏడాదికి 480 డాలర్లు మిగిలాయి. ఆ తగ్గింపు మీ బిల్లులో కలిసే ఉంది.

మరి పెరిగిందెక్కడ? టెక్సస్‌లో ఏటా జనవరి 1న ఉన్న విలువను బట్టి పన్ను వేస్తారు. 2024 జనవరి 1 నాటికి మీది ఖాళీ స్థలం, దాని విలువ 1,20,000. 2025 నాటికి అక్కడ 6,00,000 విలువైన ఇల్లుంది. బ్యాంకు మాత్రం పాత బిల్లు చూసి ఎస్క్రోలో, అంటే పన్ను కోసం కిస్తీతో పాటు వసూలు చేసే ఖాతాలో, నెలకు 240 డాలర్లే తీసుకుంటూ వచ్చింది. ఇప్పుడు నెలకు 1,060 కావాలి. అంటే 820 పెరిగింది. దానికి తోడు, మీ తరఫున బ్యాంకు అదనంగా కట్టిన 9,840 డాలర్లను 12 నెలలకు పంచితే ఇంకో 820. రెండూ కలిపితే మీరు చెప్పిన 1,640. ఈ రెండో 820 ఏడాది తర్వాత పోతుంది. దాని మీద వడ్డీ కూడా లేదు.

వడ్డీ లేని బాకీ తీర్చడానికి 401కె ముట్టుకోవడం ఎందుకు? ఉద్యోగం పోతే ఆ లోన్‌లో మిగిలిన సొమ్మును ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా కట్టాలి. లేకపోతే దాన్ని ఆదాయం కింద లెక్కేసి పన్ను వేస్తారు. సాధారణంగా పెనాల్టీ కూడా పడుతుంది. హెచ్‌1బీలో ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి దొరికే 60 రోజుల టెన్షన్ మీకు తెలియనిది కాదు. అలాంటి రోజుల కోసం దాచిన ఎమర్జెన్సీ డబ్బును కూడా దీనికి ఖర్చు పెట్టకండి. నెలనెలా కట్టుకుంటూ పోండి.

బిల్లులో మడ్ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) అని ఓ వరుస ఉందేమో చూడండి. కాలనీకి నీళ్లు, డ్రైనేజీ పైపులు వేయడానికి తెచ్చిన అప్పుకు ఆ పన్ను. స్కూల్ మినహాయింపు దానికి వర్తించదు. లేఖలోని నీటి నిధి వేరే సంగతి. 2027 నుంచి సేల్స్ ట్యాక్స్ వసూళ్లలో ఏటా 100 కోట్ల డాలర్ల దాకా దానికి వెళ్తాయి. మీ మడ్ బాకీ దానివల్ల తీరదు.

ఇక బడి. మీరడిగిన ప్రభుత్వ డబ్బు, అంటే ఎడ్యుకేషన్ సేవింగ్స్ అకౌంట్, 2026-27లో మొదలవుతోంది, ఒక్కో పిల్లవాడికి సుమారు 10,000 డాలర్లు. అయితే దరఖాస్తులు ఎక్కువైతే వైకల్యం ఉన్న పిల్లలకు, తక్కువ ఆదాయం వారికి ముందు ఇస్తారు. పేదరిక రేఖకు అయిదు రెట్లు దాటినవాళ్లది చివరి వరుస. నలుగురున్న కుటుంబానికి అది సుమారు 1,60,000 డాలర్లు. ఇద్దరూ ఐటీలో ఉన్న మీరు ఆ డబ్బు వస్తుందని ఫీజు కట్టేయకండి. మీ ప్రాంతపు ప్రభుత్వ బడి బాగుంటే అదే చాలు. బడులకు ఇచ్చిన 850 కోట్ల డాలర్లలో ఎక్కువ భాగం టీచర్ల జీతాల వంటి ఫలానా ఖర్చులకే. ఒక్కో విద్యార్థికి ఇచ్చే మూల మొత్తం 6,160 నుంచి 6,215కే పెరిగింది. అందుకే కొన్ని స్కూల్ డిస్ట్రిక్టులు పన్ను పెంచడానికి ఓటర్ల దగ్గరికి వెళ్తున్నాయి. మీ బడ్జెట్‌లో దానికీ కాస్త చోటు ఉంచుకోండి.

మీకు ఓటు లేకపోవచ్చు, కానీ పన్ను కోసం కట్టిన ఇంటి విలువ మీద ప్రొటెస్ట్ (అభ్యంతరం) చేసే హక్కు యజమానిగా మీకుంది. వీసాతో పని లేదు. ఏప్రిల్‌లో ఆ విలువ నోటీసు రాగానే, మీ వీధిలో అదే ప్లాన్ ఇళ్లు బిల్డర్ ఎంతకు అమ్మాడో కాగితాలు సంపాదించండి. గడువు మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తర్వాత వస్తే అది. విలువ 30,000 తగ్గినా అన్నీ కలిపి నూటికి 2.40 ఉన్న మీ పన్ను రేటు మీద ఏడాదికి 720 డాలర్లు మిగులుతాయి.